నలభై చెంచాల నీళ్ళు

సల్కిన్ కొడుకు పొడిగా పడుకుంటాడు. మా ఉయ్యాల తొట్లు అలాంటివి. అడుగున ఒక చిల్లు, అందులోకి కర్ర తొలిచి చేసిన సన్నటి గొట్టం, దాని కింద మట్టి పిడత. పసివాణ్ణి కాళ్ళూ చేతులూ ఆడకుండా గుడ్డపీలికలతో కట్టి పడుకోబెడితే వాడు పోసిందంతా పిడతలోకి పోతుంది, పక్క తడవదు. పుట్టి ముప్ఫయ్యారు రోజులైన వాడికి అంత ఏర్పాటు ఉంది. వాడి తల్లికి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. ఇంట్లో వాళ్ళు లేవకముందే లేచి, తన గుడ్డలు తాను కాలవలో జాడించుకుని, పశువుల పాక వెనక ఎవరూ తిరగని చోట ఆరేసుకుంటోంది.

ఏప్రిల్ వచ్చినా కాలవ అంచున మంచు పెళ్ళలు కట్టే ఉంది. గుడ్డలు పిండి పిండి ఆమె వేళ్ళు ఎర్రగా వాచాయి. అక్కణ్ణించి నేరుగా ఆవు దగ్గరికి వచ్చి, బాల్చీ మోకాళ్ళ మధ్య పెట్టుకుని గొంతుక్కూర్చుంది. కూర్చోగానే మొదలైంది. నొప్పి లేదు, వస్తోందన్న కబురు లేదు. తొడ వెచ్చబడ్డాకే తెలిసింది. కాసేపటికి ఆ వెచ్చదనం చల్లబడి, లోపల పెట్టుకున్న గొర్రె ఉన్ని ముద్దగా బరువెక్కింది. బాల్చీలోకి పాలధార పడుతూనే ఉంది. చేతులకేం రోగం, అవి బాగానే పనిచేస్తున్నాయి.

దీనికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టుకుంది. తాగకపోతే పోయక్కర్లేదు కదా. పొద్దున ఒక్క గిన్నె టీ, అంతే, మర్నాటిదాకా మళ్ళీ గుక్కెడు నీళ్ళు ముట్టదు. ఎవరూ గమనించలేదు. మా ఇళ్ళల్లో కోడలు టీ నీళ్ళు మరిగే కొళాయి బిందె, సమోవార్, పక్కన కూర్చుని అందరికీ పోస్తుంది, తను ఆఖర్న తాగుతుంది, తాగితే. తాగిందో లేదో చూసే కళ్ళు ఆ ఇంట్లో లేవు. పెదాలు పగిలితే గాలికి పగిలాయన్నారు.

పాలు తగ్గిన సంగతి మాత్రం అత్తగారు సోనున్‌బూ ఇట్టే పసిగట్టింది.

"ఏమే పిల్లా, వీడు మళ్ళీ గుక్కపట్టాడు. ఇప్పుడేగా ఇచ్చావు?"

"ఇచ్చానత్తయ్యా. చాల్లేదేమో."

"చాలకపోవడమేమిటే? ఆరుగుర్ని కన్నాను నేను. కుబాత్‌ని కన్న సాయంత్రం మందకి నీళ్ళు పెట్టాను. పాలు పొంగి రవిక తడిసిపోయేది. మీ కాలం ఆడపిల్లలకి అన్నీ తక్కువే." సోనున్‌బూ తొట్టి ఊపుతూ గొంతు తగ్గించింది. "నాలుగు రోజుల్లో నలభై. ఆ రోజు పెద్దవాళ్ళు అడుగుతారు. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికేముంది. మొదటి మనవడు నానమ్మ బిడ్డ. మా కొండల్లో అది తాతల నాటి రివాజు. తల్లి దగ్గర పాలుంటే పాలు మానేదాకా ఉండనిస్తారు, ఈలోపు అత్త మనసు మెత్తబడితే ఉండిపోతాడు కూడా. పాలు లేకపోతే నలభయ్యో రోజునే నానమ్మ పక్కలోకి పోతాడు. ఆ తర్వాత నానమ్మే అమ్మ. కన్నతల్లిని వదినా అని పిలుస్తాడు. సల్కిన్ మొగుడు కుబాత్ అలా పెరిగినవాడే. ముప్ఫయ్యేళ్ళొచ్చినా సొంత తల్లిని, ఆ సోనున్‌బూనే, వదినా అనే పిలుస్తాడు. ఆవిడ పలుకుతుంది. పిలిచిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆలస్యంగా పలుకుతుంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకో ఘోరం జరిగింది. సల్కిన్ అత్తగారికి గిన్నె అందించి, పద్ధతి ప్రకారం గుండెమీద చెయ్యిపెట్టుకుని వంగింది. వంగినప్పుడు కిందినుంచి గాలి చప్పుడుతో బయటికొచ్చింది. ఆపుకుందామంటే అక్కడ ఆమెకు ఏదీ లొంగదు. ఆడపడుచు మీరిమ్ నోట్లో రొట్టె ముక్కతో పక్కున నవ్వింది.

"వదినా, గుర్రం కట్టు తెంపుకున్నట్టుందే! పట్టుకోండి, పట్టుకోండి!"

కుబాత్ టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. సోనున్‌బూ నవ్వలేదు. ఆ నవ్వే నయమనిపించేలా చూసింది.

"ఊరుకోవే మీరిమ్. ఏమ్మా కోడలా, ఇదేనా మీ అమ్మ నేర్పింది? నలభై నాడు ఇరవైమంది ఆడవాళ్ళొస్తారు. వాళ్ళ ముందు ఇలా చేశావంటే నేనీ ఊళ్ళో తలెత్తుకోలేను."

సల్కిన్ గిన్నెలు తీసింది. ఏడుపు రాలేదు. ఒంట్లో నీళ్ళుంటే గదా.

*

మర్నాడు పిల్లవాణ్ణి తూకానికి తీసుకెళ్ళింది. ఊరి చివర రెండు గదుల వైద్యశాల, అందులో రైకాన్ అని ఒక్కతే మనిషి. డాక్టరు కాదు, కానీ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి ఆవిడే డాక్టరు. కళ్ళద్దాలు తాడుకట్టి మెళ్ళో వేసుకుంటుంది. నోరు పెద్దది, చేతులు మెత్తన.

"వీడి బరువేమిటి, గడ్డకట్టుకుపోయిందా? పది రోజుల్లో వంద గ్రాములు కూడా పెరగలేదు." రైకాన్ తూకం మీది ముల్లు వేలితో తట్టి మళ్ళీ చూసింది. తర్వాత సల్కిన్ చెయ్యి పట్టుకుని ముంజేతి మీది చర్మం గిల్లి వదిలింది. గిల్లిన చోట చర్మం మడత అలాగే నిలబడింది. "వీడు ఎండిపోతున్నాడనుకున్నాను. ఎండేది నువ్వా? రోజుకి ఎన్ని గిన్నెలు తాగుతున్నావే?"

"తాగుతూనే ఉన్నానక్కా."

"నా మొహం తాగుతున్నావు. సరే, లేచి ఇలా వెలుతురులోకి రా."

సల్కిన్ లేవలేదు. రైకాన్ రెండోసారి పిలిచింది. లేచాక బల్ల మీద తడి మచ్చ కనిపించింది. సల్కిన్ వెంటనే ఓణీ కొంగుతో తుడవబోయింది, ఓణీ చేతిలోంచి జారింది, మళ్ళీ తీసి మళ్ళీ తుడిచింది. రైకాన్ వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చింది.

పడుకోబెట్టి చూసింది. ముందు నడుముకి బిగించి కట్టిన బారెడు గుడ్డ తగిలింది.

"ఇదెవరు కట్టారు?"

"అత్తయ్య. పొట్ట జారకుండా రోజూ ఆవిడే కడతారు, మోకాలు ఆనించి మరీ."

"విప్పు ముందు. పైనుంచి ఇలా బిగిస్తే లోపలున్నదంతా కిందికి తోసుకు రాదూ? మంచి చెయ్యబోయి చంపేస్తారు ఈ ముసలాళ్ళు."

గుడ్డ విప్పి పక్కన పడేసింది. చిన్న దూది పోగు తీసుకుంది.

"తాకినప్పుడు చెప్పు."

సల్కిన్ గోడమీది క్యాలెండరు చూస్తూ పడుకుంది. దాని మీద గుర్రం బొమ్మ ఉంది.

"మొదలుపెట్టండక్కా."

"మూడుసార్లు తాకాను," అంది రైకాన్.

ఆ తర్వాత ఆవిడ అడిగినవాటికి సల్కిన్ పొడిపొడిగా జవాబులు చెప్పింది. తెల్లవారి నొప్పులు ఎక్కువయ్యాయి. దీపాలు పెట్టే వేళదాకా ముక్కుతూనే ఉంది. పిల్లవాడు నాలుగున్నర కిలోలు. చివరికి బిడ్డ తలకి గాలి పీల్చే కప్పు అంటించి బయటికి లాగారు. రైకాన్ అన్నీ విని కళ్ళద్దాలు తీసి గౌను అంచుతో తుడుచుకుంది.

"అక్కడికి వెళ్ళే నరం సాగిపోయింది తల్లీ. బిడ్డ తల అంతసేపు నొక్కితే సాగుతుంది. తప్పు నీదీ కాదు, వాడిదీ కాదు. ఏదీ, ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించు."

సల్కిన్ కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, పిడికిళ్ళు బిగించింది. మెడ నరాలు తేలాయి.

"బిగించవే."

"బిగించానక్కా."

రైకాన్ తన వేలికేమీ తగలక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాగవుతుందా?"

"సాగిన నరమైతే తిరిగొస్తుంది. రోజుకి బియ్యపు గింజలో సగం కూడా పాకదు. ఆర్నెల్లు పట్టచ్చు, ఏడాది పట్టచ్చు. కొందరికి పూర్తిగా వస్తుంది, కొందరికి సగం వస్తుంది. నీకు ఎంతొస్తుందో నాకు తెలీదు. అబద్ధం కావాలంటే అదీ చెప్తాను."

"వద్దు."

"రోజూ ఇలా బిగిస్తూ ఉండు, తెలిసినా తెలియకపోయినా. బరువులెత్తకు. నీళ్ళు తాగు. తాగక మానేస్తే ఆగదు, మంటెక్కి ఇంకా కారుతుంది. రోజుకి పది గిన్నెలు తాగు, మూడు రోజుల్లో పాలు తిరుగుతాయి."

"నలభై అయ్యాక తాగుతాను. ఆ రోజు ఇంటినిండా మనుషులుంటారు."

"ఆలోపు పాలు పూర్తిగా పోతే?"

సల్కిన్ లేచి, పక్కన పడేసిన గుడ్డ తీసి మడతపెట్టుకుంది.

"పోనీ మీ అత్తగారితో నేను మాట్లాడనా?"

"బాబ్బాబు, వద్దక్కా!" సల్కిన్ ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "తెలిస్తే ఈ రోజే లాక్కుంటుంది. పాడైపోయినదాని దగ్గర బిడ్డేమిటంటుంది."

పాడైపోయినది. ఆ మాట ఎవరూ అనకముందే తనే అనేసుకుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల.

*

ఇంటికొచ్చేసరికి కుబాత్ పెరట్లో గుర్రం జీను పటకా కుడుతున్నాడు. సల్కిన్ పిల్లవాణ్ణి ఎత్తుకునే అతని పక్కన నిలబడి, రైకాన్ చెప్పిందంతా గుసగుసగా చెప్పింది. అతను సూది ఆపలేదు. మైనం పూసిన దారం తోలులోంచి చర్రుమని లాగుతూ విన్నాడు.

"ఏడాదా?"

"అంతకంటే ముందే రావచ్చు. అసలు రాకపోవచ్చు."

"వదిన వింటే..." అని ఆగాడు. "వాడు వదిన పక్కలో ఉంటే నీకే సుఖం కదా సల్కిన్. పనీ తగ్గుతుంది, ఒళ్ళూ కుదుటపడుతుంది. నేను పెరగలేదా? నాకేమైంది?"

"మీ అమ్మని ఒక్కసారి అమ్మా అని పిలవండి చూద్దాం."

కుబాత్ దారం గట్టిగా లాగాడు. తెగింది. తెగిన రెండు కొనల్నీ చేతిలో పట్టుకుని, వాటిని ఎక్కడ ముడెయ్యాలో తెలియనట్టు చూస్తూ కూర్చున్నాడు. మంచివాడే. మంచితనం అక్కడితో సరి.

ఆ సాయంత్రం సల్కిన్ తాగుదామనే అనుకుంది. గిన్నె నింపుకుని పెదాల దాకా తెచ్చుకుంది. అవతలి గదిలో మీరిమ్ ఎందుకో నవ్వింది. తన గురించి కాకపోవచ్చు కూడా. సల్కిన్ టీ పొయ్యి బూడిదలో పోసేసింది. మర్నాడూ అంతే. రైకాన్ విప్పించిన గుడ్డని అత్తగారు మళ్ళీ కట్టింది, మోకాలు ఆనించి. "వదులుగా కట్టుకుంటే నడివయసులో నా పేరు తలుచుకుని ఏడుస్తావు," అంది ఆవిడ, నిజంగా మేలు కోరే గొంతుతో.

ముప్ఫై తొమ్మిదో రోజున పిల్లవాడు రొమ్ము పట్టి, రెండు గుక్కలు లాగి, మొహం తిప్పుకుని ఎర్రగా కందిపోయేలా ఏడ్చాడు. సల్కిన్ ఇటు రొమ్ము మార్చింది, అటు మార్చింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. సోనున్‌బూ కిటికీ గట్టు మీద కొత్త పాలసీసా తెచ్చి పెట్టింది. కడిగి, రబ్బరు తొడిగి, దాని మీద తెల్లటి చేతిరుమాలు కప్పింది. సల్కిన్ ఇల్లు ఊడుస్తున్నంతసేపూ ఆ రుమాలు వైపు చూడకుండా ఊడ్చింది. బావి కనబడితే దూకాలనిపించింది. మా ఊళ్ళో బావులు లేవు, మోకాలి లోతు కాలవలే.

*

నలభయ్యో రోజు ఎండ బాగా కాసింది. పొద్దున పదికల్లా ఇల్లు ఆడవాళ్ళతో నిండింది. పెద్ద గదిలో నేలమీద కంబళ్ళు పరిచి, మధ్యన గుడ్డ వేసి, వేయించిన పిండి ముక్కలు, మీగడ, ఎండుపళ్ళు కుప్పలు పోశారు. పెద్దవాళ్ళ చోట, తలుపుకి దూరంగా, అనీపా ముసలమ్మ కూర్చుంది. సోనున్‌బూకి పెద్దత్త వరస. ఎనభై దాటాయి. ఊళ్ళో ఏ బిడ్డ నలభైకైనా ఆవిడే లెక్క పెట్టాలి.

పిల్లవాణ్ణి ఇత్తడి పళ్ళెంలో కూర్చోబెట్టి పట్టుకున్నారు. ఒక్కొక్కరే లేచి కర్ర చెంచాతో గోరువెచ్చటి నీళ్ళు వాడి మీద పోసి తమకు తోచిన దీవెన చెబుతున్నారు. "ఒకటి, గుర్రమంత బలం. రెండు, కొండంత ఆయుష్షు." అనీపా వేళ్ళు మడుస్తోంది. నలభైకి నలభై చెంచాలూ పడ్డాయి. వాడు ఏడవలేదు, నోరు తెరిచి పడిన చుక్కల్ని నాకుతున్నాడు.

"దాహంగా ఉన్నట్టుందే వెధవకి," అని ఎవరో నవ్వారు.

సల్కిన్ తలుపు దగ్గర సమోవార్ పక్కన ఉంది. రెండు పావడాలు కట్టుకుంది, లోపల ఉన్ని దట్టంగా కుక్కుకుంది, నిన్నటినుంచి గుక్క మింగలేదు. చెవుల్లో హోరుమంటోంది. నోట్లో నాలుక తోలుముక్కలా అంగిలికి అంటుకుంటోంది. ఆ స్థితిలో ఇరవైమందికి టీ పోస్తోంది. మా దగ్గర గిన్నె నిండా పోయరు. సగమే పోస్తారు. సగం పోస్తే మళ్ళీ అడగండి, ఇంకాసేపు కూర్చోండి అని. నిండుగా పోసి ఇచ్చారంటే తాగేసి ఇక దయచెయ్యమని. ఎవరూ నోటితో అనరు, గిన్నెతోనే అంటారు. అందుకని సల్కిన్ సగం సగం పోస్తూ, ఖాళీ గిన్నెలు అందుకుంటూ, మళ్ళీ సగం పోస్తూ మూడు గంటలు కూర్చుంది. లేవకుండా ఉంటే చాలు, ఈ రోజు గట్టెక్కుతుంది.

అప్పుడు సోనున్‌బూ మొదలుపెట్టింది. పిల్లవాడు ఆవిడ ఒళ్ళో, నలభై ముక్కలతో కుట్టిన చొక్కాలో ఉన్నాడు.

"పెద్దత్తా, అందరూ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. కోడలికి పాలు పడలేదు. దాని ఒళ్ళే అంత, దాన్నేమీ అనడం లేదు. వీణ్ణి ఇవాళ్టినుంచి నా పక్కలో వేసుకుంటాను. నా మొదటివాణ్ణి మా అత్త తీసుకుంది, మీకు తెలుసు. ఏడ్చానా? ఏడవలేదు. ఇక నన్ను అమ్మా అని పిలిచేది వీడే. దీవించండి."

ఆడవాళ్ళందరూ రెండు చేతులూ దోసిలిగా పైకెత్తారు. అనీపా దీవెన చెప్పి అరచేతులతో మొహం తడుముకుందంటే అయిపోయినట్టే, ఇక తిరుగులేదు.

సల్కిన్ సమోవార్ కొళాయి తిప్పింది. గిన్నెలో టీ సగం, చల్లటి పాలు సగం, అంచుదాకా నింపింది. ఎత్తి తాగింది. కింద పెట్టకుండానే మళ్ళీ నింపి తాగింది. మూడోది తాగేటప్పుడు గడ్డం మీంచి కారి రవిక తడిసింది. దోసిళ్ళు పైకెత్తిన ఆడవాళ్ళందరూ అలాగే తలలు తిప్పి చూస్తున్నారు. పెద్దల ముందు కోడలు అలా గటగటా తాగడం ఎవరూ చూసి ఉండరు.

ఆమె లేచింది. లేవగానే కారడం మొదలైంది, ఉన్ని ఆపలేదు, పావడాలు ఆపలేదు. అలాగే గది మధ్యలోంచి నడిచి, అత్తగారి ముందు వంగి, పిల్లవాణ్ణి ఎత్తుకుంది. అక్కడే, అందరి మధ్యా చతికిలబడి, గుండీలు విప్పి వాడి నోటికి రొమ్ము అందించింది. తెల్లటి కంబళి మీద ఆమె చుట్టూ తడి మెల్లగా పాకింది. వాసన కూడా వచ్చింది.

"ఛీ, లేవే!" సోనున్‌బూ చేతులు చాపింది. "లే! బయటికి పో! వాణ్ణి ఇటిచ్చి పో!"

సల్కిన్ లేవలేదు. అనీపా దోసిలి దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమైందమ్మా నీకు?"

"కాన్పులో నరం పోయింది పెద్దమ్మా. కిందిది నాకు ఆగదు. వస్తోందని కూడా తెలీదు. ఏడాదికి రావచ్చంటున్నారు, రాకపోవచ్చంటున్నారు." సల్కిన్ ఎవరి మొహమూ చూడకుండా, బిడ్డ నెత్తి చూస్తూ మాట్లాడింది. "పాలు పడకపోవడం కాదు. తాగితే ఇలా అవుతుందని నీళ్ళు మానేశాను. మీ అందరికీ భయపడి వీడి నోరు ఎండగట్టాను. ఇంక నా వల్ల కాదు. నన్ను ఏమైనా అనుకోండి, నేను తాగుతాను."

మీరిమ్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది, నవ్వడానికి కాదు. కిటికీ అవతల కుబాత్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, లోపలికి రాలేదు. పిల్లవాడు ఉత్తినే లాగుతున్నాడు, ఏమీ వస్తున్నట్టు లేదు. సల్కిన్‌కి సిగ్గు తల మీంచి కాళ్ళ దాకా పారింది. చచ్చిపోతే బాగుండును అని స్పష్టంగా అనుకుంది. అయినా వాణ్ణి వదల్లేదు.

"సోనున్‌బూ," అంది అనీపా. "దానికి టీ పొయ్యి."

"నేనా?"

"నువ్వే."

అత్త కోడలికి టీ పోయడమనేది మా ఊళ్ళో లేదు. సోనున్‌బూ లేచింది. సమోవార్ దగ్గర కోడలు కూర్చునే చోట వంగి, గిన్నె పెట్టి తిప్పింది. చెయ్యి ఆగలేదు. సగం దాటింది, ముప్పావు దాటింది, అంచుదాకా వచ్చింది. నిండు గిన్నె రెండు చేతులతో తెచ్చి కోడలి ముందు పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. ఇరవైమందీ చూశారు. ఇరవైమందికీ అర్థమైంది.

సల్కిన్‌కీ అర్థమైంది. ఎడమ చేత్తో బిడ్డని పట్టుకుని, కుడి చేత్తో గిన్నె ఎత్తి, ఆగకుండా ఆఖరి చుక్కదాకా తాగింది. తర్వాత ఖాళీ గిన్నె మళ్ళీ అత్తగారి వైపు చాపింది.

"ఇంకొంచెం పొయ్యండత్తయ్యా."

సోనున్‌బూ గిన్నె అందుకోలేదు. నిలబడే ఉంది. పిల్లవాడు రొమ్ము వదలకుండా లాగుతూ, ఉన్నట్టుండి గుటక వేశాడు. ఆ నిశ్శబ్దంలో గదంతా వినిపించింది. ఇంకో గుటక వేశాడు. సోనున్‌బూ వాడి గొంతు కదలడం చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ మొహంలో కోపం పోలేదు, ప్రేమా పుట్టలేదు. ఎన్నో ఏళ్ళనాటి ఏదో మొహంలో కదిలి మళ్ళీ అణిగిపోయింది.

చెయ్యి చాపి గిన్నె తీసుకుంది. సమోవార్ దగ్గరికి వెళ్ళి వంగింది, తిప్పింది.

ఈసారి సగానికి ఆపింది.